విలన్‌గారి రక్తపరీక్ష

భర్త రక్తంలో ట్రైగ్లిసరైడ్స్ అనే కొవ్వు ఆరువందలు దాటిందని కంప్యూటర్ తెర మీద ఎర్రటి అంకెల్లో చూడగానే సత్యలక్ష్మి చేతిలోని రాగిజావ గ్లాసు జారి నేలమీద పడింది.

రిపోర్టు చూసుకుని హాయిగా పార్కులో నడకకి వెళ్దామనుకుందామె. భార్యాభర్తలిద్దరికీ ఊబకాయం, కొలెస్ట్రాల్, ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా పనిచేయని జబ్బు. ఏ వైద్యం ఎవరికి పనిచేస్తుందో చూద్దామని డాక్టర్ అచ్యుతరామయ్య ఆమెకి నడక, సినిమాల్లో విలన్ వేషాలేసే భర్త ఆదినారాయణకి మాత్రలు, ఇద్దరికీ జొన్నరొట్టె రాశాడు. మూడు నెలల్లో ఆమె అంకెలు చక్కగా దిగాయి. ఆయనవి రెట్టింపయ్యాయి.

వెంటనే డాక్టరుకి ఫోను చేసింది. "డాక్టరుగారూ, ఈయన నాకు దక్కుతారాండీ?"

"కంగారుపడకమ్మా. భోజనం పెట్టి, మాత్ర ఒకటికి రెండు వేయించు. నేనొస్తున్నా."

ఈ అంకెలతో భోజనమా? ఆమె వంటింటికి తాళం వేసి, ఖాళీ కడుపు మీదే రెండు మాత్రలూ మింగించింది.

"ఎందుకే ఇన్ని?" అన్నాడు ఆదినారాయణ.

"అడక్కండి. తట్టుకోలేరు."

కాసేపటికే ఆయన కడుపు తిప్పేసింది. బాత్రూముకి పోయిపోయి, చివరికి గుమ్మంలోనే చెమటలు కక్కుతూ కూలబడ్డాడు. గుండె ఆగుతోందనుకుంది సత్యలక్ష్మి. ప్రొడక్షన్ ఆఫీసుకి ఫోను చేసి, "ఇవాళ ఆయన రాలేరండీ" అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. అవతలివాళ్ళు మాటని వదిలేసి ఏడుపునే పట్టుకున్నారు. డాక్టరు కన్నా ముందే స్టూడియో వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి గులాబీల దండ దిగింది. దాని వెనక, ఆదినారాయణకి ఫైట్లలో డూప్ వేసే పోచయ్య గుండెలు బాదుకుంటూ దిగాడు. అదే పొట్ట, అవే మీసాలు.

"సార్ పోయిండా అమ్మా!"

"ఇంకా పోలేదురా!" అని మూలిగాడు ఆదినారాయణ.

దండ చూసి సత్యలక్ష్మి పసుపుతాడు గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉండగా అచ్యుతరామయ్య వచ్చి నాడి చూశాడు, గుండె విన్నాడు, నుదురు చిట్లించాడు.

"గుండె బాగానే ఉంది. ఆ రిపోర్టుకీ ఈ మనిషికీ పొత్తు కుదరట్లేదు. మళ్ళీ రక్తం తీద్దాం." సంచిలోంచి సూది తీశాడు.

అంతే, ఆదినారాయణ లేచి సోఫా వెనక్కి దూకాడు.

"వద్దండీ! అది నా రక్తం కాదు! సూదంటే నాకు చచ్చేంత భయం. మూడు నెలల కిందట పొడిపించుకున్నదే చాలని, ఈసారి ల్యాబువాణ్ణి షూటింగు దగ్గరికే రమ్మని, నా కోటు తొడిగి పోచయ్యని కూర్చోబెట్టాను. ప్రమాదమైన పని ఏదైనా వాడేగా చేసేది!"

సత్యలక్ష్మి భయం మరుక్షణమే ఇంకొకరి మీదికి మళ్ళింది. అంటే చావుకి దగ్గరగా ఉన్నది ఈ పోచయ్యా? గబగబా కుర్చీ లాగి కూర్చోబెట్టి, కొంగుతో విసిరింది. పోచయ్య బిక్కచచ్చి డాక్టరు వంక చూశాడు.

"నాకేమైంది సార్? జర చెప్పుండ్రి, ఇంట్ల చిన్న పిల్లలున్నరు."

అచ్యుతరామయ్య అడిగాడు. "నిజం చెప్పు. పరగడుపునే ఇచ్చావా రక్తం?"

పోచయ్య తల దించుకున్నాడు. ఆదినారాయణ సోఫా వెనకనుంచి వద్దు వద్దని చేతులూపుతున్నాడు. పోచయ్యకి అవి కనబడలేదు.

"లేదు సార్, తప్పైంది. నెయ్యి పూరీలు, మటన్ కుర్మ, మీదికెల్లి కద్దూ కా ఖీర్, గదే సొరకాయ పాయసం, తిన్న. నాకేమన్న తిండి యావ అనుకునేరు, గట్లేం లేదు. మా సార్ రోజు పొద్దుగాల సెట్ల గవే తింటడు. డూప్ అన్నంక అచ్చం సార్ లెక్కనే ఉండాలె, కంటిన్యుటీ తప్పద్దు గదమ్మా!"