చలమయ్యగారి దొరల హాలు

మధ్యాహ్నం అన్నం తిని, కొత్త హాల్లో వెల్లకిలా పడుకుని, కప్పు చూస్తూ ఓ కునుకు తియ్యాలి. ఆ ఉదయం చలమయ్య అనుకున్న పని అదొక్కటే.

దొరలు దేశం వదిలి పదేళ్ళయినా చలమయ్యకు దొరతనం మీద మోజు వదల్లేదు. మిరప విరగకాసిన ఏడాది మార్టూరు పక్కన మేడ కట్టాడు. పొగాకు కంపెనీ పనిమీద ఓడెక్కి సీమకు వెళ్ళొచ్చిన మేనల్లుడు రాఘవులు అక్కడి ఓ దొర బంగళా ఫోటో చూపించాడు. కప్పు నిండా మబ్బులు, మబ్బుల్లో ఎగిరే మనుషులు. ఎప్పుడో రాజుల కాలంలో ఇటలీ నుంచి చిత్రకారుణ్ణి పిలిపించి వేయించారట. చలమయ్య చీరాల నుంచి సినిమా బొమ్మలు వేసే ఆదెయ్యను పిలిపించాడు. మెడ పట్టేసేదాకా వేసి, ఆదెయ్య ఆ ఉదయమే పరంజా దిగాడు.

అప్పుడే భార్య మాణిక్యమ్మ తలెత్తి చూసింది.

"ఏవిటీ అప్రాచ్యపు బొమ్మలు? ఒంటిమీద నూలుపోగు లేదు. వీళ్ళ కింద నేను పేరంటం ఎలా చెయ్యను?"

"దొరలింట్లో అంతేనే."

"అయితే దొరలింట్లోనే ఉండనివ్వండి."

ఆదెయ్య మళ్ళీ పరంజా ఎక్కి ఆడవాళ్ళకు మంగళగిరి జరీ చీరలు, మగవాళ్ళకు పట్టుపంచెలు కట్టాడు. అక్కడే కొంప మునిగింది. పట్టుబట్టలు కట్టుకుని మబ్బుల్లో తిరిగేవాళ్ళు దేవుళ్ళు కాక ఇంకెవరు? మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి వెంకటరావమ్మ కప్పు చూసి, చెప్పులు బయట విడిచొచ్చి లెంపలేసుకుంది. మర్నాటికి కొబ్బరికాయలు వచ్చాయి. ఆపైన పెదకాకాని గుడికి వెళ్ళే బళ్ళు కూడా ఇంటిముందు ఆగసాగాయి.

చలమయ్య హాల్లో మంచం వాల్చబోతే మాణిక్యమ్మ అడ్డుపడింది. "కాళ్ళెటు చాపుతారు? నాలుగు వైపులా దేవుళ్ళే."

చుట్ట వెలిగిస్తే వీధిలోకి పొమ్మంది. కోడికూర పెరట్లోకి పోయింది. దాని వెనకే చలమయ్యా పోయాడు. పాపం, కట్టుకున్న మేడలో నడుం వాల్చే చోటు లేక, ఎండుమిరప కొట్లో బస్తాల మధ్య మంచం వేయించుకుని, తుమ్ముతూ ఆదెయ్యకు కబురుపెట్టాడు.

"ఆ కప్పుకి సున్నం కొట్టెయ్యవయ్యా."

"దేవుళ్ళ మీదాండి? పిల్లలు గలవాణ్ణి, నావల్ల కాదు" అని ఆదెయ్య దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రాఘవులు కొట్లోకి వచ్చాడు. వాణ్ణి చూడగానే చలమయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"ఏరా, నీ ఫోటో నా కొంప ముంచింది. ఆ దొర ఆ హాల్లో ఎలా నిద్రపోతున్నాడ్రా?"

"హాల్లో ఆయన్ని ఎవరు పడుకోనిస్తారు మావయ్యా? చూడ్డానికొచ్చే జనంతో ఇసకేస్తే రాలదు. దొరగారు పెరట్లో గుర్రాలశాల పక్కన చిన్నగదిలో ఉంటున్నారు. నా కళ్ళతో చూశాను."

చలమయ్య తుమ్మబోయి ఆగాడు. తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరైనా నాకోసం వస్తే, దొరగారు కొట్లో ఉన్నారని చెప్పు."