అరక్షణం వెనక

అల్లుడు ఆ పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. అత్తగారి చేత ఒక పాట పాడించి రికార్డు చేయాలి, సాయంత్రం గ్రంథాలయంలో దాన్ని వినిపించాలి. ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపి పోయిన మామగారికి ఆ రోజు అక్కడ సంస్మరణ సభ. ఆ పాట దంపతులిద్దరూ కలిసి పాడుకున్నది, మధ్యమధ్యలో ఆపి పోట్లాడుకున్నది. ఆయన పోయాక అత్తగారు గొంతు విప్పలేదు. కూతురు బతిమాలితే, "ఒక్కసారే పాడతాను. మళ్లీ నన్నడక్కండి" అని ఒప్పుకున్నారు.

అలాంటి రోజున, అత్తగారు స్నానం చేసి వచ్చేలోపు, అల్లుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేశాడు. ఎందుకు చేశావయ్యా అంటే చెప్పలేడు. తెర మీద ఓ మూల కొత్తది వచ్చిందని కనిపించింది, వేలు ఊరుకోలేదు. ఆ ముసలి కంప్యూటర్ జోలికి పోవద్దని భార్య ముందురోజే చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

కొత్తది వచ్చి పాతదాని నెత్తినెక్కింది. పాటకు తోడుగా హెడ్‌ఫోన్లలో వినిపించాల్సిన తంబురా శ్రుతి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. వెనక్కి వెళదామంటే పాత వెర్షన్ లేదు. చివరికి ఏదో సెట్టింగ్ పెంచితే చిటపటలు ఆగాయి గానీ, మైకులో పాడిన గొంతు హెడ్‌ఫోన్లలోకి అరక్షణం ఆలస్యంగా రావడం మొదలైంది. ఈలోగా అత్తగారు వచ్చి కూర్చున్నారు.

మొదటి పాదం పాడి ఆగిపోయారు. "ఎవరండీ అది, నా వెనకాలే పాడుతున్నారు?"

"ఎవరూ లేరత్తయ్యా. కొత్త హెడ్‌ఫోన్లు కదా, అలవాటయ్యేదాకా అలాగే ఉంటుంది."

ఆ హెడ్‌ఫోన్లు అతని పెళ్లికి ముందువి.

ఆవిడ మళ్లీ ఎత్తుకున్నారు. వెనకపడ్డ గొంతు అందుకుంటుందేమోనని కాస్త ఆగారు. అదీ ఆగింది. పాదం పాదానికీ పాట నెమ్మదించి, చరణంలోకి వచ్చేసరికి పూర్తిగా చతికిలబడింది. కూతుర్ని పిలిచారు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నోరు మూసుకుని శ్రద్ధగా వింది. పాడకపోతే ఆలస్యమయ్యేదేముంది?

"నాకేం తేడా లేదమ్మా. తంబురా శుభ్రంగా వినిపిస్తోంది."

అత్తగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "అయితే నా చెవులే పోయాయన్నమాట. ఇక నేను పాడను. ఆయన సభలో నవ్వులపాలు కాలేను."

కూతురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవుల డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మన్నారు. కారు పిలిచింది. అదీ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. అత్తగారు వెళ్లి ఒక చెప్పు తొడుక్కున్నారు. అది చూసి అల్లుడికి ప్రాణం ఉసూరుమంది.

"అత్తయ్యా, మీ చెవులు బంగారంలా ఉన్నాయి. పొద్దున నేనే అప్‌డేట్ చేశాను. మీ గొంతు మీకే ఆలస్యంగా వస్తోంది."

భార్య చూసిన చూపును వర్ణించకపోవడమే మర్యాద.

"ఎంత ఆలస్యం?" అన్నారు అత్తగారు.

"అరక్షణం ఉంటుందండీ. హెడ్‌ఫోన్లు తీసేసి పాడితే..."

"ముట్టుకోకండి." ఆవిడ చెప్పు విడిచి లోపలికి వచ్చారు. "మీ మామగారూ సరిగ్గా అంతే వెనకపడేవారు. తాళం చూసుకోండీ అని కాపురమంతా పోరాను. వింటేగా! నేనాగితే తనూ ఆగేవారు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఎక్కడా ఆగలేదు. బయట కారు డ్రైవరు హారన్ కొట్టబోయి మానేశాడు. చివరి పాదం పూర్తిచేసి, వెనక గొంతు కూడా పూర్తిచేసేదాకా తల వంచుకుని కూర్చున్నారు. "చూశావా, ఇప్పటికీ ఆలస్యమే" అని కూతురితో అంటూ కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం సభలో ఆ పాట విని అందరూ నిలబడ్డారు.

మర్నాడు కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌ను అత్తగారు గుమ్మంలోనే ఆపి, కాఫీ ఇచ్చి పంపేశారు.