ధర్మేందరన్న హెల్ప్‌లైన్

శామీర్‌పేట మండలంలో ఇక మీదట ఏ ఆడబిడ్డ కంట్లోనూ నీరు కనిపించడానికి వీల్లేదని 2007లో ఒక సోమవారం పొద్దున మైకులో ప్రకటన వెలువడింది. ప్రకటించింది ధర్మేందర్ గారు. ఆయన మండలాధ్యక్షుడు కాదు. అధ్యక్షురాలు ఆయన భార్య బిందు. సీటు ఆడవాళ్లకు రిజర్వ్ అయింది కాబట్టి ఆమె గెలిచింది, ఆయన పాలిస్తున్నారు. స్టేజీ మీద ఆమెకో కుర్చీ, ఓ దండ ఇచ్చారు. మాట్లాడే కష్టం మాత్రం ఆయనే పడ్డారు. అంత ప్రేమ!

"పెండ్లాలను కొట్టేటోళ్లకు ఇగ చుక్కలే! ఒక్క ఫోన్ గొట్టుండ్రి, నేనున్న!"

జనం చప్పట్లు కొట్టారు. బిందు కూడా కొట్టింది. కుడి మణికట్టు వాచి ఉండడం వల్ల కాస్త మెల్లగా కొట్టింది.

మహిళా రక్షణ కేంద్రం అలా పుట్టింది. మండలాఫీసులో ఓ మూల గది, అందులో దుర్గాబాయి అనే ఆఫీసరు, పైన చైర్‌పర్సన్ హోదాలో బిందు. గృహహింస చట్టం వచ్చింది గానీ బడ్జెట్ రాలేదు, ఆ గదికి ఫోన్ లైనూ రాలేదు. ధర్మేందర్ గారు చూస్తూ ఊరుకుంటారా? హెల్ప్‌లైన్‌ను సొంత ఇంటి హాల్లోనే పెట్టించుకున్నారు. దేవరయాంజాల్ ప్లాట్ల బేరాలు కూడా అందులోనే నడిచేవి కాబట్టి హెల్ప్‌లైన్ ఫోను ఒక్క క్షణం ఖాళీగా ఉండేది కాదు.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఫోనెత్తితే ఆయన గొంతే మారిపోయేది. "చెప్పు చెల్లె, ఏడ్వకు, నేను నీ అన్నను" అనేవారు. వంటింట్లో బిందు గరిటె ఆపి మరీ వినేది. ఇంత మెత్తటి గొంతు తన మొగుడికి ఉందని ఫోను వచ్చాకే ఆమెకు తెలిసింది.

తొలి కేసు సాలమ్మది. మొగుడు గండయ్య తాగొచ్చి తల పగలగొట్టాడు. ధర్మేందర్ గారు ఇద్దర్నీ హాల్లోకి పిలిపించి చాయ్ ఇప్పించారు. గండయ్య పార్టీ జెండాలు కట్టే మనిషి గనక సోఫాలో కూచున్నాడు, సాలమ్మ కింద కూచుంది.

"ఏందిర గండిగా, గట్ల కొడతరా?"

"కోపమొచ్చిందన్నా."

"ఇన్నవా సాలమ్మా? కోపమొచ్చిందంట. ఆనికి కోపం రాకుంట నువ్వు జూస్కోవాలె. ఇగ ఫైసల్!"

ఫైసలైపోయింది. పైగా గండయ్యను కేంద్రం కమిటీలో మెంబర్‌ని చేశారు. "కమిటీల అనుభవం ఉన్నోళ్లు ఉండాలె గదా" అని ధర్మేందర్ గారు విలేకరికి వివరించారు. అది ఫోటోతో సహా పేపర్లో పడింది.

సాలమ్మ వెళ్తుంటే గుమ్మం దగ్గర బిందు ఉండబట్టలేక, "మల్ల ఇక్కడికి రాకక్కా, ఠాణాకు పో" అంది. ఆ మాట హాల్లోకి వినబడింది. సాలమ్మ గేటు దాటగానే వెనక ఇంటి తలుపు మూతపడింది.

మర్నాడు బిందు చెంప ఉబ్బింది, ఒక కన్ను సరిగా తెరుచుకోవడం లేదు. ఇక తన వల్ల కాదనిపించింది. ఎవరైనా వచ్చి ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఆపాలి, అంతే. తానే చైర్‌పర్సన్ అయిన ఆఫీసు తన మాట వినకపోతుందా అనుకుని దుర్గాబాయి గదికి వెళ్లింది.

"అయ్యో మేడం!" అంది దుర్గాబాయి. నిజంగానే బాధపడింది. తర్వాత ఫైలు తీసింది. "కంప్లయింటు తీస్కుంట. గని చైర్‌పర్సన్ ఫార్వర్డ్ చెయ్యాలె. అంటే మీరే."

బిందు అక్కడే సంతకం పెట్టింది. దుర్గాబాయి దాన్ని పాత కాగితాలతో పోల్చి చూసి తల అడ్డంగా ఊపింది.

"రికార్డుల ఉన్న సంతకంతోటి కలుస్తలేదు మేడం."

"రికార్డుల ఉన్నయన్ని ఆయన పెట్టినయి."

"అయితే గిదాని మీద గూడ సారుతోనే పెట్టించుకొని రాండ్రి."

బిందు కాగితాన్ని మళ్లీ ముందుకు తోసింది. దుర్గాబాయి గొంతు తగ్గించింది. "నేను సారు మీద కాయితం తీస్కుంటే రేపే నన్ను ఆదిలాబాద్‌కు ఏస్తరు మేడం. ఇద్దరు పిల్లలు నాకు. మీరు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యిండ్రి, దానికి సంతకం అక్కర్లే."

"ఆ ఫోను మా ఇంట్లనే ఉన్నది."

"మంచిదే గదా మేడం, జల్దీ ఎత్తుతరు."

ఆఫీసు బయట కిరాణా కొట్టు ముందు రూపాయి ఫోను ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీక బిందు కాసేపు దాని ఎదుట నిలబడింది. చివరికి రూపాయి వేసి నంబరు కొట్టింది.

"హలో, మహిళా రక్షణ కేంద్రం. చెప్పు చెల్లె."

పెళ్లయ్యాక మొదటిసారి ఆ గొంతు తనతో మాట్లాడుతోంది. బిందుకు దుఃఖం తన్నుకొచ్చింది.

"ఏడ్వకు తల్లీ. ఎవడు కొట్టిండు?"

"మా ఆయన."

"ఎందుకు?"

"ఒకామెను ఠాణాకు పొమ్మన్న."

"గింత దానికే కొట్టిండా! మనిషేనా వాడు? ఇప్పుడు యాడున్నడు?"

"ఇంట్లనే ఉన్నడు. ఫోన్ల మాట్లాడుతున్నడు."

అవతల సోఫాలోంచి లేచిన చప్పుడైంది. తర్వాత అదే మెత్తటి గొంతు వినిపించింది.

"భయపడకు చెల్లె. నేను ఇప్పుడే వస్తున్న. నువ్వు ఆడనే ఉండు."

ఫోను పెట్టేశారు. ఎక్కడికి రావాలో మాత్రం అడగలేదు.