మెడ మీద విజయోత్సవ ర్యాలీ

మన దేశంలో ఒక పని పూర్తయిందనడానికి రుజువు ఆ పని కాదు, దాని తర్వాత వచ్చే ట్రాఫిక్ జామ్. మానవ శరీరం కూడా ఇదే నియమావళిని పాటిస్తుందని మా ఆవిడ అలేఖ్య మెడ సాక్షిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే అలేఖ్యకు మెడ పక్కన గడ్డ లేచింది. లింఫు గ్రంథుల టీబీ అని ఎల్బీనగర్ డాక్టర్ జోస్నా తేల్చారు. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి ఎవరికీ అంటదని కూడా చెప్పారు (ఈ రెండో ముక్క మా అపార్టుమెంటు వాళ్లకు వినపడలేదు). క్రిములు చొరబడితే శరీర భద్రతా శాఖ ఏం చేసిందయ్యా అంటే, వాటిని చంపలేక చుట్టూ గోడ కట్టి, కాపలా పెట్టి, 'పరిస్థితి అదుపులో ఉంది' అని ప్రకటించింది. ఆ గోడే ఈ గడ్డ.

మాత్రలు మొదలయ్యాయి. గడ్డ తగ్గింది. మూడో నెలలో ఉన్నట్టుండి నిమ్మకాయంత అయి కూర్చుంది.

"అవన్నీ వేడిచేసే మందులమ్మాయ్! మానేసి నా కషాయం తాగు," అని మా అమ్మ ఉదయలక్ష్మి ఉత్తర్వు జారీ చేసింది.

అలేఖ్య ఏడ్చేసింది. "ఇన్నాళ్లు మింగింది ఇందుకా? రేపట్నుంచి వేసుకోను."

 మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందని, ఆ తర్వాత మామూలు మందులకు లొంగకపోవచ్చని డాక్టరు ముందే హెచ్చరించారు. బతిమాలి, ఆటో ఎక్కించి ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. గడ్డలోంచి చీము తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా రోజూ బతిమాలి మాత్రలు మింగించాను. బతికున్న క్రిములేవీ లేవని రిపోర్టు వచ్చాక నవ్వారు.

"పరేషాన్ గాకు అలేఖ్యా. మీ గల్లీల రోడ్డు గుంత పూడ్చిన్రని చెప్పినవ్ గదా, పూడ్చినంక ఏమైంది?"

"ఏమవుతుంది మేడమ్? మర్నాడు పార్టీ వాళ్లు ర్యాలీ తీశారు. డప్పులు, ఫ్లెక్సీలు, టపాకాయలు. సాయంత్రం దాకా ఒక్క ఆటో కదల్లేదు. గుంత ఉన్నప్పుడే నయం!"

"గిదీ గంతే. క్రిములను సంపింది మాత్రలు. ఇన్నొద్దులు పండుకున్న నీ ఇమ్యూనిటీ ఇప్పుడు లేచి, సచ్చినోళ్ల మీద విజయోత్సవం చేస్తున్నది. గా వాపు ర్యాలీదే. కొందరికి ఇట్లనే అయితది. మాత్రలు మాత్రం ఆపకు."

"ఈ ర్యాలీకి పర్మిషన్ ఎవరిచ్చారు మేడమ్?" అంది అలేఖ్య కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే నేను బతిమాలకుండానే మాత్రలు వేసుకుంది, అమ్మ మాట కోసం పైన కషాయమూ తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

భద్రతా శాఖవారు కొన్ని వారాలు ఊరేగి, అలసిపోయి, ఇళ్లకు వెళ్లారు. కోర్సు పూర్తయింది, గడ్డ పోయింది. మాత్రల ఖాళీ అట్టలు చెత్త బండి ఎక్కాయి. ఘనత పంపకం మాత్రం సక్రమంగా జరిగింది: సగం అలేఖ్య ఇమ్యూనిటీకి, సగం మా అమ్మ కషాయానికి.

మొన్న పై అంతస్తు ఇందిరాదేవి గారు మెడ తడుముకుంటూ దిగొచ్చారు. "మీ అత్తమ్మ కషాయం ఎట్ల కాస్తదో జర చెప్పు బిడ్డా."

అలేఖ్య గ్లాసు నిండా కషాయం పోసిచ్చింది. ఎల్బీనగర్‌కు ఆటో కూడా పిలిచింది.

"డాక్టర్ గారు ఏం రాస్తే దాంతో కలిపి తాగాలి ఆంటీ," అంది (మా అమ్మ ఈ సవరణను తల ఊపి ఆమోదించింది). "కషాయం ఓ రోజు మర్చిపోయినా పర్లేదు. మాత్ర మర్చిపోతే మాత్రం కషాయం పనిచేయదు."