బూరమ్మకి బదులు ఎవరు మాట్లాడాలి?

ఒక పెద్ద అడవిలో, అంటే ఎంత పెద్దదంటే ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు "చిరంజీవ" అనేసరికి తుమ్మినవాడి జలుబే తగ్గిపోయేంత పెద్ద అడవిలో, జంతువులన్నీ కలిసి ఒక పంచాయతీ పెట్టుకున్నాయి. దానికి ప్రెసిడెంటు అడవిదున్న వీరభద్రంగారు. మంచివాడే. కాకపోతే ఏ సమస్య వచ్చినా ముందు బుస్సుమని ఊపిరి వదిలేవాడు, తరవాత తీర్మానం చేసేవాడు, ఆలోచించడం ఆ తరవాత ఎప్పుడో.

ఆ ఏడు మాఘంలో ఒక ముసలి దుప్పి జ్వరం తగిలి పడిపోయాడు. నోరు పెగల్లేదు. బంధువులు ఏడుగురు పరిగెత్తుకొచ్చారు. ఒకరు చన్నీళ్ళు పొయ్యమన్నారు, ఒకరు వేడి కాపడం పెట్టమన్నారు. ఒకాయనైతే "మా నాన్నకి ఇలాగే అయితే తోక పట్టి లాగాం, లేచి కూర్చున్నాడు" అని తోక పట్టుకున్నాడు. ఆ గోల భరించలేక దుప్పి తనంతట తనే లేచి అడవి దాటి వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

వీరభద్రంగారు బుస్సుమన్నారు. తీర్మానం చేసేశారు.

"ఇకమీదట ప్రతి జంతువూ ఒక టేకాకు రాసివ్వాలి. నోరు పడిపోయిన రోజున తన బదులు వైద్యం సంగతి ఎవరు మాట్లాడాలో ముందే పేరు పెట్టాలి. ఒక్క పేరు. ఇక వేరేవాళ్ళు నోరెత్తకూడదు!"

అందరూ చప్పట్లు. వెనకనుంచి ఒక తాబేలు మెల్లిగా అడిగింది. "అయ్యా, పేరు సరే. మనకేం కావాలో, ఏం వద్దో అది కూడా ఆ ఆకుమీద రాస్తే?"

"చోటెక్కడుందయ్యా?" అన్నారు వీరభద్రంగారు. నిజమే. టేకాకు ఎంత పెద్దదైనా, ముప్పాతిక ఆకు ప్రెసిడెంటుగారి పేరు, బిరుదులు, కొమ్ముల కొలతలతోనే నిండిపోయింది. అడుగున ఒక్క గీత మిగిలింది.

ఇప్పుడు రాతపని ఎవరు చెయ్యాలి? పునుగుపిల్లి సుగంధరావు ముందుకొచ్చాడు. ఆహా, ఏం మనిషండీ! మనిషి కాదు లెండి, కానీ అంత మర్యాద. అల్లంత దూరంలో ఉండగానే ఘుమఘుమ. ఎవరేం చెప్పినా "మీరు చెప్పాక ఇంకేముంది" అనేవాడు. నల్లమద్ది చెట్టు కింద కూర్చుని గోటితో ఆకులు గీకిపెట్టడం మొదలెట్టాడు.

ఎలుగుబంటి బూరమ్మ వచ్చింది. వయసులో పెద్దది, గొంతులో ఇంకా పెద్దది. అడవి మొత్తంమీద పెద్ద తేనెపట్టులు ఆవిడ గుహ కప్పుకే ఉండేవి.

"కూర్చోండి పిన్నిగారూ," అన్నాడు సుగంధరావు. "మీ బదులు మాట్లాడేది ఎవరని రాయమంటారు? మీ కోడలు కొండాలమ్మగారి పేరు..."

"దాని పేరెత్తావంటే ఆకుతోపాటు నిన్నూ చింపేస్తా! పొద్దున లేస్తే నాతో పోట్లాటే. నేను ఎడమవైపు తిరిగి పడుకుంటే కుడివైపు తిరగమంటుంది. చెదలు కారంగా ఉన్నాయంటే చప్పగా ఉన్నాయంటుంది. అది నా బదులు మాట్లాడటమా? నేను బతికుండగానే నన్ను మాట్లాడనివ్వదు!"

"పోనీ మీ అబ్బాయి?"

"వాడా? వాణ్ణి ఏదడిగినా 'అమ్మ ఎలాగంటే అలా, అది ఎలాగంటే అలా' అంటాడు."

సుగంధరావు కళ్ళు తుడుచుకున్నాడు. "పిన్నిగారూ, నేను మీ బిడ్డలాంటివాణ్ణి కానా?"

బూరమ్మ కరిగిపోయింది. సుగంధరావు ఆవిడ ఆకుమీద తన పేరు తనే గీకేసుకున్నాడు. ఆవిడొక్కతే అనుకునేరు! సాయంత్రానికి ఇరవై ఏడు ఆకులమీద సుగంధరావు పేరే. ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఇలాంటి మాటలు మాట్లాడాలంటే అందరికీ మొహమాటం, భయం. ఘుమఘుమలాడేవాడు ఒకడు ఎదురుగా ఉంటే ఆ బాధ లేదు కదా.

తన ఆకుమీద మాత్రం సుగంధరావు చాలాసేపు ఆలోచించాడు. ఎవరిని నమ్మాలి? ఒక్కడూ కనబడలేదు. చివరికి తన బదులు మాట్లాడేది కూడా సుగంధరావే అని రాసుకున్నాడు. వీరభద్రంగారు చూడకుండానే గిట్ట ముద్ర వేసేశారు.

పనిలోపనిగా సుగంధరావు మరో రెండు నిబంధనలు కూడా చేయించాడు. ఒకటి, రోగి చేసే సైగలు చెల్లవు, నోటిమాటే చెల్లుతుంది. రెండు, రోగి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు చూసుకునే భారం బదులు మాట్లాడేవాడిదే.

"పాపం, ఎంత భారం నెత్తినేసుకుంటున్నాడో," అని అందరూ జాలిపడ్డారు.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. బూరమ్మ చెట్టెక్కి, పూలు తిని, తిన్నది తలకెక్కి, కొమ్మ అనుకుని గాలిని పట్టుకుంది. ధబ్బున పడింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి గానీ దవడ బిగుసుకుపోయింది. అంత గొంతున్న మనిషి నోట్లోంచి "ఊఁ ఊఁ" తప్ప ఇంకేం రావడంలేదు.

వాగు ఒడ్డున ఇసుకలో ఆస్పత్రి. డాక్టరు కొంగ బకయ్యగారు. మామూలు రోగమైతే ఒంటికాలిమీద ఆలోచిస్తాడు, గట్టి రోగమైతే కాలు మారుస్తాడు.

"రెండు దారులున్నాయి," అన్నాడు బకయ్య. "దవడకి బంక పట్టేసి ఇంటికి పంపితే విశ్రాంతిమీద తగ్గొచ్చు. లేదా నలభై రోజులు ఇక్కడే ఉంచి జలగలు పట్టించి, వేపకషాయం తాగించొచ్చు. ఆకుమీద పేరున్నాయన ఏమంటారు?"

"పిన్నిగారికి ఏ లోటూ రాకూడదు డాక్టరుగారూ!" అన్నాడు సుగంధరావు గద్గదంగా. "నలభై రోజులూ ఉంచండి. జలగలూ పెట్టండి, బంకా పట్టెయ్యండి. అంతా చెయ్యండి!"

బూరమ్మ నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపి "ఊఁ! ఊఁ! ఊఁ!" అంది.

"సైగలు చెల్లవమ్మా," అన్నాడు బకయ్య జాలిగా.

అప్పుడే కోడలు కొండాలు రొప్పుతూ వచ్చింది. "ఏంటీ, జలగలా? మా అత్తకి జలగంటే ప్రాణం పోతుంది. వేపాకు వాసన వస్తేనే మూతి తిప్పుకుంటుంది. వాగు గలగల వినబడితే కునుకు పట్టదు. పోయినా ఉన్నా తన గుహలో, తన రాతిమీద, ఎడమవైపు తిరిగే అని వెయ్యిసార్లు అంది!"

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

"ఎలా తెలుసేంటి? వీటిమీదే కదా మేం రోజూ కొట్టుకునేది!"

బకయ్య కాలు మార్చాడు. మళ్ళీ మార్చాడు. "నీ పేరు ఆకుమీద లేదమ్మా."

అంతే. కొండాలుని బయటికి పంపేశారు. సుగంధరావు ఇల్లు చూసుకునే భారం మొయ్యడానికి బూరమ్మ గుహకి పరుగు తీశాడు. వెళ్ళేవాడు అంత హుషారుగా ఎందుకు గెంతుతున్నాడో ఎవరూ అడగలేదు.

నాలుగు రోజులు గడిచాయి. బూరమ్మ పళ్ళు బిగబట్టి కషాయం లోపలికి పోనివ్వలేదు. కషాయం తాగితేగానీ తిండి పెట్టకూడదని వైద్యం. బొచ్చు వేలాడిపోయింది, కళ్ళు లోతుకి పోయాయి. వాగు గలగలకి కంటిమీద కునుకు లేదు.

అయిదోరోజు బకయ్య కొండాలుని పక్కకి పిలిచి నిజం చెప్పాడు. "ఇలాగే ఇంకో మూడు రోజులు తినకపోతే మీ అత్త దక్కదమ్మా. దవడ వాపు దిగింది. బిగుసుకున్నది ఒక్కసారి కదిలితే చాలు. రోజూ 'ఆఁ అనండి, ఆఁ అనండి' అని బతిమాలుతున్నా. ఆవిడేమో నన్నే తినేసేటట్టు చూస్తోంది."

"మరి ఆ ఘుమఘుమలాయనకి చెప్పి ఇంటికి పంపించండి!"

"ఆయన్నే తీసుకొస్తున్నారు, చూడు."

నిజంగానే నలుగురు కుందేళ్ళు సుగంధరావుని మోసుకొస్తున్నారు. బూరమ్మ తేనెపట్టులు ఒక్కొక్కటే ఖాళీచేసి, అయిదోదాంట్లో మూతి పెట్టాడట. తేనెటీగలకి ఏ ఆకుమీద ఎవరి పేరుందో తెలీదు కదా. మొహం పనసకాయంత అయింది. కళ్ళు లేవు, ముక్కు లేదు, మాట లేదు.

బకయ్య ఆయన ఆకు తీసి చదివాడు. పెద్దగా దగ్గాడు. "సుగంధరావుగారూ, సుగంధరావుగారి వైద్యం గురించి తమరేమంటారు?"

"మ్మ్," అన్నాడు సుగంధరావు, జలగల తొట్టి చూసి అడ్డంగా తల ఊపుతూ.

"సైగలు చెల్లవండీ. మీరు పెట్టించిందే." వీరభద్రంగారిని పిలిపించారు. ఆయన బుస్సుమని, "కొత్త మాట లేనప్పుడు ఆయన పాత మాటే ఖాయం. అంతా చెయ్యమన్నాడుగా, చెయ్యండి," అని తీర్పిచ్చి వెళ్ళిపోయారు. నలభై రోజులు. జలగలు అప్పటికే ఆకలిమీదున్నాయి.

"మరి మా అత్తో?" అంది కొండాలు.

"ఆవిడ బదులు మాట్లాడేవాడు ఇలా అయ్యాడు. ఇక ఆవిడే నోరు తెరవాలి."

కొండాలు తిన్నగా అత్త మంచం దగ్గరికెళ్ళి నడుంమీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం అత్తా, హాయిగా పడుకున్నావ్? పడుకో. నీ రాయి నాకు అడ్డంగా ఉందని దొర్లించేశా. ఆ చోట మా అమ్మ పడుకుంటోంది."

బూరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"మిగిలిన తేనె కూడా మా అమ్మకే పెట్టా. బూరమ్మ పెంచిన పట్టు కదా, కాస్త చేదుంది అంది మా అమ్మ."

బూరమ్మ బొచ్చంతా నిక్కబొడుచుకుంది. బకయ్య భయపడి రెండు కాళ్ళమీదా నిలబడ్డాడు.

"అన్నట్టు అందరితోనూ చెప్పా, చెదలు పట్టడం మా అత్తకి నేనే నేర్పానని."

కటక్! దవడ ఊడొచ్చినంత చప్పుడు.

"నువ్వా! నాకా! నీ పుట్టింట్లో చెద ఎలా ఉంటుందో ఎవరైనా చూశారటే! మీ అమ్మని నా గుహలోంచి లేవమను! ముందు నన్ను ఇంటికి తీసుకుపో!"

ఆస్పత్రంతా ఘొల్లుమంది. కొండాలు ఇసుకలో కూలబడి ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. "రాయి అక్కడే ఉందత్తా. మా అమ్మ రానేలేదు."

బూరమ్మ గసపెడుతూ అంది, "డాక్టరూ, కొత్త టేకాకు పట్రా. దీని పేరు రాసెయ్యి."

"నన్నడక్కుండా నా పేరెలా రాయిస్తావ్?" అంది కొండాలు. "నా పనులు నాకు లేవా?"

"చూశావా, చూశావా! ఎప్పుడూ అడ్డమే!"

"అడ్డం కాదు. పేరొక్కటే కాదు, నీకేం కావాలో కూడా రాయించు. ఎడమవైపు అని రాయించు."

"రాయిస్తాగానీ, కుడివైపైనా ఫరవాలేదని నువ్వు చివర్లో కలిపావంటే..."

ప్రెసిడెంటుగారి కొమ్ముల కొలతలు గోకేసి చోటు చేశారు. బకయ్య రాస్తూనే ఉన్నాడు, అత్తాకోడళ్ళు వాగుకి అవతలిదాకా వినబడేలా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆకు ఒకటి సరిపోలేదు. రెండోది తెచ్చారు.

నీతి: ఇంట్లోవాళ్ళతో రోజూ కాసేపు పోట్లాడుతూ ఉండండి, రేపు మీ నోరు పడిపోతే మీకేం కావాలో తెలిసినవాళ్ళు ఒక్కరైనా మిగులుతారు.