ఇరవై రెండున్నర రోజుల గోడ

జవాబు అంత పనికిమాలిన వస్తువు ఈ లోకంలో మరొకటి లేదు! కావలసింది స్టెప్పులు. ఈ సంగతి తెలియక నేను నలభై ఏళ్లు గోడలు కట్టాను. మూడో తరగతితో బడి మానేసిన మేస్త్రీకి ఇంతకంటే ఏం తెలుస్తుంది?

తెలియజెప్పిన పుణ్యాత్ములు బళ్లారి కంటోన్మెంటులో ఉండే లెక్కల మాస్టరు శివరామకృష్ణయ్యగారు. మా మనవరాలు అంజినమ్మ తొమ్మిదో తరగతి పరీక్షలో ఆయన ఇచ్చిన లెక్క ఇది: ఎనిమిది మంది ఒక గోడను పదిహేను రోజుల్లో కడితే, పన్నెండు మంది ఎన్ని రోజుల్లో కడతారు?

పిల్ల నా వెంట ఇసుక కుప్పల మీద పెరిగింది. "పది రోజులు" అని ఒక్క ముక్క రాసి కలం మూసింది. ఎక్కువ మాట్లాడని వంశం మాది.

ఐదు మార్కులకు సున్నా!

మొత్తం ముప్ఫై నాలుగు. పాసు కావాలంటే ముప్ఫై ఐదు. మాది కూరెకుప్ప, బడి బళ్లారిలో. ఫెయిలైతే హాస్టల్లో సీటు పోతుంది. సీటు పోతే చదువు పోయినట్టే. మాస్టరు దగ్గరికి పోయాను.

"జవాబు సరిగ్గానే ఉండాది గదా సార్?"

"జవాబు ఎవరికి కావాలప్పా? స్టెప్పులు యాడ? ఇదో, ఈ పిలగాణ్ణి చూడు!"

కేశవమూర్తి అనే కుర్రవాడి పేపరు అది. 'ఇచ్చినది', 'కనుగొనవలసినది', 'ఎక్స్ అనుకొనుము'... పేజీ నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. అడుగున రెండు గీతల మధ్య జవాబు: ఇరవై రెండున్నర రోజులు. నాలుగు మార్కులు!

మనుషులు పెరిగితే రోజులూ పెరిగాయి! మొదట నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. మా వీధి మోరీ కాలువ పని మరిచిపోయానా? ఐదుగురున్నప్పుడు నెల అన్నారు. ఇరవై మంది వచ్చాక రెండేళ్లు పట్టింది! ఆ కుర్రవాడు పుట్టు కాంట్రాక్టరు!

ఇంత మంచి చట్టం బడికే పరిమితం కావడం అన్యాయం కాదా? పునాది తవ్వాం, రాయి పేర్చాం, తూకం గుండు వేశాం, గోడ కూలిందా? కూలనీ! పోయింది ఒక్క మార్కేగా! సూది పొడిచారు, మందు పోశారు, రోగి పోయాడా? డాక్టరుకి నాలుగు మార్కులు!

ఇంటికొచ్చి ఈ నీతి మా ఇంటావిడ హనుమమ్మకు చెప్పాను. మర్నాడు జొన్నరొట్టె బొగ్గులా మాడింది.

"ఏందే ఇది?"

"పిండి కలిపినా, తట్టినా, పెనం మీద ఏసినా. నాలుగు మార్కులు ఏసుకోని తిను!"

తిన్నాను.

ఎండాకాలంలో మాస్టరే కబురు పెట్టారు. కొత్త ఇంటికి కాంపౌండు గోడ కావాలట.

"ఎన్ని దినాలు పడుతుంది పంపన్నా?"

"ఎనిమిది మందితో పదిహేను సార్."

"గృహప్రవేశానికి పన్నెండు దినాలే ఉండాయప్పా! పన్నెండు మందిని పెట్టు."

"పెడితే ఇరవై రెండున్నర సార్."

"తల తిరిగిందా ఏంది నీకు? పది దినాలు గదా!"

ఆయన కాగితం తీయలేదు. వేలు మడవలేదు. ఎక్స్ అనుకోలేదు.

"స్టెప్పులు యాడ సార్?" అన్నాను.

మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాప మార్కులు రిజిస్టరులో ఎక్కిపోయినాయప్పా" అన్నారు మెల్లగా, నేను అడగని ప్రశ్నకు.

గోడ సరిగ్గా పది రోజులకు లేచింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు దాన్ని తట్టి చూసి మెచ్చుకున్నారు. స్టెప్పులు చూపించమని ఒక్కరూ అడగలేదు.

పన్నెండు మందిలో పదకొండు మంది నా పాత కూలీలే. పన్నెండో మనిషికి మాత్రం పని కొత్త. పది రోజులూ ఇటుకలు అందించింది. పేరు అంజినమ్మ.