చిలుకమ్మ ఒప్పుకోని బేరం

1962 ఫిబ్రవరి మొదటి వారం. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయి, ఇక లోకానికి మూడిందని వరంగల్ అంతా హోమాలు చేసుకుంటుంటే, రంగుల వ్యాపారి సారంగపాణి మాత్రం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వజ్రం అమ్మడానికి బయల్దేరాడు. ప్రళయం వస్తే అందరితో పాటు తనూ పోతాడు. రాకపోతే మాత్రం దుకాణం తన పేరున ఉండాలి. ఇదీ ఆయన ఆలోచన.

కొత్తవాడ మొదట్లో ఉన్న ఆ దుకాణంలో ఆయన చాలా ఏళ్లుగా జంపఖానాలు నేసేవాళ్లకు నూలు రంగులు అమ్ముతున్నాడు. పాణి సేటు రంగు ఎండకు వెలిసిపోదు, నీళ్లకు దిగదు అని నేతగాళ్లలో పేరు. పేరు ఆయనదే గానీ దుకాణం నడిచే గది, ఆ మలిగె, ఆయనది కాదు. అది సుబేదారిలో ఉండే వకీలు రాజేశ్వర్ రావుది. ఎవడో హోటలు పెట్టేవాడు ఆ మలిగె మీద కన్నేసి వకీలు చుట్టూ తిరుగుతున్నాడని తెలిసినప్పటి నుంచీ సారంగపాణికి అన్నం సహించడం లేదు. అక్కణ్ణుంచి లేవగొడితే అలాంటి చోటు మళ్లీ దొరకదు. దొరికేలోగా నేతగాళ్లు వేరే దుకాణం మరుగుతారు.

అదృష్టం కొద్దీ వకీలుకు రంగురాళ్ల పిచ్చి. చిలుకమ్మ చేతికుండే రాయి తనకిస్తే మలిగె రాసిస్తానన్నాడు. దళారులు, నగల షావుకార్లు మధ్యలో ఉండకూడదని, రాయిని పరీక్షించే తన కంసాలికి తప్ప మూడో కంటికి తెలియకూడదని షరతు పెట్టాడు.

చిలుకమ్మ సారంగపాణి తల్లి. నర్సంపేటలోని పుట్టింటివాళ్లు పెళ్లిలో పెట్టిన ఉంగరంలో ఉండేది ఆ రాయి. ముదురు వేపాకు రంగు. మరకతం అనుకునేవాళ్లు గానీ అది వజ్రం. ఆవిడ దాన్ని చూపుడు వేలికి పెట్టుకునేది, ఇంట్లో ఎవరికి ఏ పని చెప్పినా ఆ వేలితోనే చెప్పేది. అందుకే కోడలు అనసూయకు అత్తగారి ముఖం కన్నా ఆ రాయే బాగా గుర్తు. ఆవిడ పోయాక ఉంగరాన్ని దేవుడి అర్రలో, కిటికీ పక్కన, ఆవిడ ఫొటో ముందు పెట్టారు. పోయి మూడేళ్లయినా అనసూయ ఆ ఉంగరం వైపు కాళ్లు చాపి కూర్చునేది కాదు.

ఆ పొద్దున భర్త ఉంగరం తీస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడింది. "అత్తమ్మను ఒక మాట అడిగిండ్రా?" అంది. పోయినవాళ్లను ఎట్లా అడుగుతారని ఆయన విసుక్కుని చెప్పులు వేసుకున్నాడు.

వకీలు ఇంటి లోపలి గదిలో కంసాలి పాండురంగం సామాను సర్దుకుని కూర్చుని ఉన్నాడు. ఉంగరంలోంచి రాయి ఊడదీసి, భూతద్దంలో తిప్పి చూశాడు. నోటితో ఆవిరి ఊదితే అది నిలవకుండా ఆరిపోయింది. చివరికి ఒక కెంపు మీద గీస్తే కెంపు మీద గీత పడింది. కెంపును గీసేది వజ్రం తప్ప మరొకటి కాదని, ఈ రంగులో వజ్రం తన జన్మలో చూడలేదని చెప్పాడు. వకీలు అప్పుడే కాగితాలు రాసేవాడే గానీ, గ్రహాలు విడిపోయేదాకా ఏ పనీ వద్దని ఆయన భార్య పట్టుబట్టింది. వకీలు గ్రహాలకు భయపడడు. భార్యకు భయపడతాడు. అందుకని రాయిని చిన్న చెక్కపెట్టెలో పెట్టి, దారం చుట్టి, ముడి మీద లక్క పోసి, ఇద్దరూ ముద్రలు వేసి వకీలు ఇనప్పెట్టెలో దాచారు. వజ్రాన్ని ఇంతకన్నా భద్రంగా ఎవరూ అమ్మలేరని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

గ్రహాలు విడిపోయాయి. లోకం మునగలేదు. సారంగపాణి హుషారుగా సుబేదారికి వెళ్లాడు. కిటికీలు మూసి, దీపం పెట్టి, ముద్రలు పగలగొట్టి మూత తీశారు. లోపల పండిన నిమ్మకాయ రంగు రాయి ఉంది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ముద్ర చెదరలేదు కనక సారంగపాణి పెట్టిందే ఇది అని వకీలు. పెట్టింది పాండురంగం, తాళం వకీలుది అని సారంగపాణి. తన మీదికి వస్తోందని గ్రహించిన పాండురంగం గబగబా ఆ పసుపు రాయితో మళ్లీ కెంపు మీద గీశాడు. మళ్లీ గీత పడింది. తూచి చూస్తే బరువూ అదే. ఆకుపచ్చ వజ్రం ఎత్తుకుపోయి, అదే బరువున్న పసుపు వజ్రాన్ని బదులుగా పెట్టిపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా? వకీలు పెట్టె మూసి చేతికిచ్చి, ఆకుపచ్చది తెచ్చేదాకా మలిగె మాట ఎత్తవద్దన్నాడు.

సారంగపాణి ఎట్లా ఇల్లు చేరాడో ఆయనకే తెలియదు. వాకిట్లో ఉన్న అనసూయ చేతిలో పెట్టె పెట్టి, జరిగింది చెప్పి, ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఎండలో నిలబడి రాయిని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. రంగు మారిందంటారేం, ఆకుపచ్చగానే ఉంది కదా అంది. నిజంగానే అది వేపాకులా ఉంది. తప్పంతా వకీలు ఇంటి దీపానిదేనని తేల్చుకుని ఆయన పెట్టె మూశాడు. మర్నాడు మళ్లీ మోసుకుపోయి, ఆ లోపలి గదిలోనే మూత తీశాడు. పసుపు. తలుపు సందులోంచి చూస్తున్న వకీలు భార్య గబుక్కున తలుపు మూసుకుంది. ఇంటికొచ్చి వాకిట్లో తీశాడు. ఆకుపచ్చ.

ఆ మర్నాడు మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ దేవుడి అర్రలో కూర్చున్నారు. ముందు రోజు మూసిన పెట్టె వాళ్ల మధ్య ఉంది. కిటికీ రెక్క కొంచెం మాత్రం తెరిచి, సారంగపాణి మూత తీశాడు. పసుపు రాయి. సన్నటి ఎండ చార దాని మీద పడింది. రాయి ఒక అంచున నల్లగా మసక కమ్మింది. రంగులో ముంచిన నూలు కొసకు తడి పాకినట్టు ఆ మసక మెల్లగా లోపలికి పాకింది. పాకేకొద్దీ ఆకుపచ్చగా తేలింది. ఎవరూ ముట్టుకోలేదు, గాలి కూడా లేదు. చూస్తుండగానే చిలుకమ్మ రాయి చిలుకమ్మ రాయిలాగే అయిపోయి, వాళ్లిద్దరి వైపూ చూస్తున్నట్టు కూర్చుంది.

అనసూయ కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది.

"ఇల్లు దాటితే పాలిపోతాంది, ఇంటికొస్తే తేరుకుంటాంది," అంది గొంతు తగ్గించి. "ఇంకా ఏం జూడాలె మీరు?"

కోపం వస్తే తల్లి ముఖం కూడా ముందు అట్లాగే పాలిపోయేదని సారంగపాణికి గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో చిలుకమ్మ రాజ్యం మళ్లీ మొదలైంది. అనసూయ ఏ కూర వండాలో రాయిని అడిగి వండుతోంది. భర్తతో గట్టిగా మాట్లాడటం మానేసింది. సారంగపాణి ఆ అర్ర ముందు నుంచి పోవాల్సి వస్తే బీడీ ఆర్పేసి పోతున్నాడు.

ఇదంతా నాలుగు గోడల మధ్య ఉండిపోయినా బాగుండేది. దొంగతనం తనకు అంటుకోకుండా పాండురంగం బజారులో పదిమందికీ విషయం చెప్పాడు. ఆ మాట కొత్తవాడ చేరేసరికి, పాణి సేటు వజ్రానికి రంగు పోయిందట అని తేలింది. పెద్ద నేతగాడు యాకయ్య ఒక పొద్దున దుకాణానికి వచ్చి, తాను కొన్న ఆకుపచ్చ రంగు డబ్బా గల్లాపెట్టె పక్కన మెల్లగా పెట్టాడు.

"కోపం జేయకు సేటూ. రాయికే నిలువని రంగు, నూలుకేం నిలుస్తది?"

వజ్రానికి రంగు తాను అద్దలేదని, అది భూమిలోనే అట్లా పుట్టిందని సారంగపాణి చాలాసేపు చెప్పాడు. యాకయ్య ఎంతో మర్యాదగా అంతా విని, డబ్బా అక్కడే వదిలి వెళ్లాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి డబ్బాలు పెట్టిపోయారు. అవి గుమ్మం దాకా పేరుకుపోయాయి. సారంగపాణికి ఏడుపొచ్చింది. మలిగె దక్కడం మాట అటుంచి, దక్కినా అందులోకి అడుగు పెట్టేవాడు ఉండేట్టు లేడు.

చివరికి తెగించి, దుకాణం ముందు పట్టపగలు అందరి ఎదుటా పెట్టె తెరుస్తానని కబురు పంపాడు. వకీలు సరేనని, మోసం పట్టించడానికి సికింద్రాబాద్ నుంచి ఒక రాళ్ల వ్యాపారిని కూడా పిలిపించాడు. ఆ పొద్దున అనసూయ పెట్టెను కొంగున ముడేసుకుని, జర దుకాణం చూసి వచ్చేద్దాం అత్తమ్మా అని దారి పొడుగునా బతిమాలుకుంటూ తెచ్చింది. వకీలు, పాండురంగం, యాకయ్య, వీధిలో సగం మంది గుమిగూడారు. సారంగపాణి మూత తీశాడు. పసుపు.

రంగు పోయిందని జనంలో గుసగుసలు లేచాయి. సారంగపాణి తల వంచుకున్నాడు. అప్పుడు అనసూయ ముందుకు వచ్చి, పెట్టె మీదికి వంగింది.

"అత్తమ్మా, పదిమందిల మన ఇంటి పరువు తీయకు," అంది.

ఆ మాట పూర్తయిందో లేదో, రాయి అంచున మసక కమ్మింది. గుసగుసలు ఆగిపోయాయి. మసక మెల్లగా లోపలికి పాకి, అందరి కళ్లముందే రాయి ఆకుపచ్చగా మారింది. ముందు వరసలో ఉన్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనకవాడు రెండు వేశాడు. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. చప్పుడు చేయకుండా, రాయికి వీపు చూపకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. కాసేపటికి దుకాణం ముందు ఓనరు లేని చెప్పులు, సికింద్రాబాద్ వ్యాపారి, ఆయన వెనక దాక్కున్న వకీలు మిగిలారు.

వ్యాపారి మాత్రం సంతోషంగా ఉన్నాడు. ఇలాంటి రాయిని బొంబాయిలో ఒకసారి చూశానన్నాడు. చీకట్లో ఉంచితే పసుపు, వెలుగులో పెడితే ఆకుపచ్చ. అది రాయి గుణమే తప్ప ఎవరి పనీ కాదు. చిలుకమ్మ వేలికి ఉన్నన్నాళ్లూ పగలంతా వెలుగులో ఉంది, రాత్రి ఎవరూ దాన్ని చూడలేదు. పెట్టెలో మూసిపెట్టడం వల్లే ఇదంతా వచ్చింది. ఈ మలిగె లాంటివి నాలుగైనా దీనికి సరిరావు, ఎప్పుడు అమ్మినా తానే కొంటానన్నాడు. సారంగపాణి గుండెల మీది బరువు దిగింది. తల్లి రాలేదని తెలిసి ఎక్కడో కాస్త దిగులు కూడా అయింది. అనసూయ మాత్రం నమ్మలేదు. ఎండకు మారేదైతే తాను చెప్పేదాకా ఎందుకు ఆగిందని అడిగింది.

అయితే ఈ వివరం వినడానికి అక్కడ జనం లేరు. మర్నాడు పొద్దున్నే యాకయ్య వచ్చి తన డబ్బా తాను తీసుకున్నాడు. ఆ వెనకే మిగతావాళ్లూ వచ్చి తీసుకుపోయారు. చిలుకమ్మ ఇంటి సరుకు తిప్పి పంపినవాళ్లమని పేరు పడటం ఎవరికీ ఇష్టం లేదు. బేరమాడటం కూడా మానేశారు. హోటలు వాడు, ముసలమ్మ తిరిగే మలిగె తనకు వద్దని చెప్పి మళ్లీ కనబడలేదు. వకీలు భార్య ఇనప్పెట్టెకు శాంతి చేయించి, ఆ మలిగె వదిలించుకుంటే తప్ప అన్నం ముట్టనంది. దాంతో వకీలే వచ్చి, రాయి వద్దు ఏమీ వద్దు, వెల కిరాయి కట్టినట్టే మెల్లగా కట్టుకో, రాసిస్తానన్నాడు.

కాగితాలు రాసే పొద్దున సారంగపాణి వజ్రాన్ని ఇక చీకట్లో పెట్టకూడదని, పెట్టె తెరిచి దుకాణం గడప మీద ఎండలో పెట్టాడు. పొద్దుటి నుంచీ అది వేపాకులా మెరుస్తోంది. వకీలు వచ్చి కూర్చున్నాడు. కలం తీశాడు గానీ రాయలేదు. నాలుగు మలిగెల మాట ఆయనకు నిద్ర పట్టనివ్వలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"మొదటి మాట మొదటి మాటనే గద సారంగపాణీ," అన్నాడు. "రాయి ఇస్తే మలిగె ఇస్తనన్న. దయ్యం లేదు గియ్యం లేదని ఆ సికింద్రాబాద్ ఆయననే చెప్పిండు. రాయి ఇటియ్యి."

ఆ మాట నిజమే, సారంగపాణి ఒప్పుకున్న మాటే. ఇవ్వకపోతే వకీలు హోటలు వాణ్ని వెతికి పట్టుకొస్తాడు. చేయి చాపి పెట్టె తీయబోయాడు. వకీలు కూడా వంగాడు. ఇద్దరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

నిండు ఎండలో, ఎవరూ మూయకుండా, ఎవరూ ముట్టకుండా, రాయి అంచున ఆకుపచ్చ తగ్గుతోంది. మెల్లగా, తొందర లేకుండా, అది మొత్తం పాలిపోయింది. వకీలు తలెత్తి సూర్యుణ్ని చూశాడు. సూర్యుడు ఉన్నాడు. మబ్బు లేదు. మళ్లీ రాయిని చూశాడు. పండిన నిమ్మకాయ రంగు. ఆయన లేచి, మళ్లీ కూర్చోకుండానే కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టి, కలం మూత అక్కడే మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఆ వారమే సారంగపాణి సికింద్రాబాద్ వెళ్లాడు. జరిగింది చెప్పి, ఎండలో కూడా పసుపుకు తిరుగుతుందా అని అడిగాడు. వ్యాపారి నవ్వి, అట్లా జరగడానికి వీల్లేదన్నాడు. ఎండ నిజంగా ఉందా అని అడిగాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. తర్వాత బల్ల మీది పెట్టె వైపు చాలాసేపు చూశాడు, మూత మాత్రం తీయలేదు. కొంటానన్న మాట ఎత్తకుండా, పొద్దు వాలకముందే దాన్ని ఇంటికి చేర్చమని చెప్పాడు.

స్టేషను దాకా రిక్షా కిరాయి కూడా ఆయనే ఇచ్చాడు.